తిరుగుదారి సగం

స్ట్రెచర్ ముందు చక్రానికి నూనె చుక్క వేసి, బొటనవేలితో తిప్పి చూశాడతను. చక్రం కీచుమనకుండా తిరిగింది. అయినా తృప్తి లేక, వంగి, చెవి దగ్గరగా పెట్టి ఇంకోసారి తిప్పాడు. కింద నిలబడ్డవాళ్లకి వినబడని చప్పుడు పైన పడుకున్నవాళ్లకి నేరుగా పుర్రెలోకి ఎక్కుతుంది. హెర్నియా కోయించుకున్నప్పుడు తనూ ఆ బండి మీద పడుకుని వెళ్లినవాడే గనక అతనికి ఆ సంగతి తెలుసు.

మనిషి పొట్టి. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది, లిఫ్టు దగ్గర బండిని ఎప్పుడూ ఆ వైపుకే తిప్పీ తిప్పీ. అరచేతుల్లో కాయలు వేళ్ల మొదట్లో కాకుండా అడ్డంగా, ఇనపకడ్డీ ఆకారంలో కాశాయి. నడక మాత్రం మెత్తన. పడుకున్న మనిషి కడుపులో నీళ్లు కదలకుండా తీసుకెళ్తాడని పేరు.

“సగం మామా! ఎముకల వార్డు!” అని నర్సు కేకేసింది.

ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరికీ అతను సగం మామే. ఆ పేరు పొట్టితనం వల్ల వచ్చింది కాదు. వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కి దారి చాలా పొడవు. ర్యాంపు ఎక్కాలి, లిఫ్టు దిగాలి, ఎక్స్‌రే గది పక్కన మలుపు తిరగాలి. వెల్లకిలా పడుకున్నవాడికి ఆ దారిలో కనబడేవి ట్యూబులైట్లూ, పైకప్పు మీద తేమ మరకలూ, తోసేవాడి గడ్డం కిందిభాగమూ. చూసేందుకు ఇంకేమీ లేకపోతే మనిషి భయాన్ని చూస్తాడు. అందుకని ఈయన కథలు చెప్పడం మొదలుపెట్టాడు. అవీ మామూలు కథలా? దోమ ఒకటి ఎద్దునెత్తుకుపోయి, తినడానికి మనసొప్పక, దానిచేత పొలం దున్నించుకున్న కథ. నిద్రలో నడుస్తూ పక్కూరెళ్లి అక్కడ రెండో కాపురం పెట్టి, మెలకువ రాగానే ఇంటికొచ్చేసేవాడి కథ. గడ్డం గీయించుకోవడానికి కూర్చుని, అద్దంలోవాణ్ణి బయటికి పంపించి తను లోపల ఉండిపోయినవాడి కథ.

థియేటర్ తలుపు దగ్గరికొచ్చేసరికి, కథ సరిగ్గా మెడ మీద కత్తి పెట్టినంత దగ్గరలో ఉండగా, ఆపేసేవాడు.

“తర్వాతేమైంది?” అనేవారు వాళ్లు.

“మిగతాది తిరిగొచ్చేటప్పుడు.”

అదీ అతని పద్ధతి. మత్తు దిగీదిగకుండానే, ఎండిన నాలుకతో, “ఆ ఎద్దు?” అని అడిగినవాళ్లు ఎందరో. అతను రెండో సగం చెప్పుకుంటూ మెల్లగా వార్డుకి తోసుకొచ్చేవాడు.

అందరూ తిరిగి రారు కదా. అక్కడే వచ్చింది చిక్కు. రానివాళ్ల రెండో సగం అతని దగ్గర ఉండిపోయేది. తలుపు దగ్గర తెగిన కథని ఇంకొకరికి చెప్పడు. అది పోయినవాళ్ల సొత్తని అతని లెక్క. అద్దంలో ఉండిపోయినవాడి కథ విన్న పోస్టుమాను తలుపు దాటాక మళ్లీ రాలేదు. అద్దంలోవాడు ఇప్పటికీ అద్దంలోనే ఉన్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు ఒక్కోసారి సగం మామ చెయ్యి చెంప మీదే ఆగిపోతుంది. “ఏమిటా చూపు? నిన్ను నువ్వే ఎరగవా?” అని భార్య అంటే, “ఒకాయన అడ్డం ఉన్నాడు, జరిగాక గీసుకుంటా” అంటాడు. ఆమె అది హాస్యమనుకుంటుంది.

అలాంటి రోజుల్లో ఖాళీ బండి వెనక్కి తెస్తుంటే ర్యాంపు మీద బరువు తెలిసేది. పైన దుప్పటి తప్ప ఏమీ ఉండదు, చేతులు మాత్రం మనిషి బరువు చెప్పేవి. లిఫ్టు నడిపేవాడితో ఆ మాటంటే, “నీకు వయసైపోయింది మామా” అన్నాడు.

“వయసు నాకైతే బరువు దానికెందుకురా?” అన్నాడితను. ఇద్దరూ నవ్వారు. లిఫ్టు దిగాక ఒక్కడే అయ్యాడు, నవ్వు ఆగింది, బరువు ఆగలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ కథలు అయిపోసాగాయి. ఒక్కొక్క చావూ ఒక్కొక్క కథని పట్టుకుపోతే ఎంత పెద్ద గాదె మాత్రం నిలుస్తుంది? ఈమధ్య అతను తోస్తూ తోస్తూ వాతావరణం గురించి మాట్లాడటం మొదలెట్టాడు. అది విని దిగులుపడింది చెప్పుల దుకాణంలో పనిచేసే చిన్నకూతురు.

“నాన్నా, మా షాపులో ప్రకటనలూ అవీ ఈ ఏఐతోనే రాయిస్తాం. నీ ఫోన్లోనూ పెట్టా. నువ్వు మాట్లాడితే చాలు, వింటుంది. ఏదైనా అడుగు.”

“ఏదైనా అంటే?”

“ఏదైనా.”

అతను గొంతు సవరించుకుని, ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి, పెద్దమనిషిని పలకరించినట్టు అన్నాడు: “నమస్కారమండీ. భోజనమైందా?”

తాను భోజనం చేయననీ, అడిగినందుకు సంతోషమనీ, ఏం సాయం కావాలో చెప్పమనీ అది బదులిచ్చింది.

“విన్నావా? మర్యాదస్తుడే. పైగా ఆకలి లేదట” అన్నాడు భార్యతో.

“ఆకలి లేదంటే ఉంచుకుందాంలే” అంది ఆమె వంటగదిలోంచి.

మొదట్లో చిల్లర పనులే చెప్పాడు. సెలవు చీటీ రాయించాడు; అది చదివి సూపర్‌వైజరు, ఇంత వినయంగా అడిగితే కాదనడమెలాగని గొణుక్కుంటూ సంతకం పెట్టాడు. కారుతున్న కుళాయి గురించి ఇంటి యజమానికి కబురు రాయించాడు. భార్య మోకాళ్ల మాత్రలు రెండు పూటలా వేసుకోవచ్చా అని అడిగితే, డాక్టర్ని అడగమంది. “మా డాక్టర్లు రోగుల్ని నన్నడగమంటారు, ఇది డాక్టర్లనడగమంటుంది” అని విసుక్కున్నాడు గానీ, ఆ జవాబు అతనికి నచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు ధైర్యం చేసి, “ఒక కథ చెప్పు” అన్నాడు. చెప్పింది. సింహమూ, కుందేలూ, చివర్న నీతీ. మర్నాడు అదే కిడ్నీ రాళ్ల మనిషికి చెప్పుకుంటూ పోయాడు. సగంలో ఆపడం మరిచి, తలుపు రాకముందే నీతితో సహా పూర్తిచేసేశాడు. ఆ మనిషి పైకప్పు చూస్తూ, “ముగింపు కూడా చెప్పేశావా? అయితే ఇక నేను పోయినా ఫర్వాలేదన్నమాట” అన్నాడు. రాళ్లు తీయించుకుని క్షేమంగానే తిరిగొచ్చాడు గానీ, లోపల ఉన్నంతసేపూ ఇతనికి ఒకచోట కాలు నిలవలేదు.

“ఊరికే కథ అంటే ఏం చెబుతుంది నాన్నా? ఎవరు వింటారో, ఎలా ఉండాలో చెప్పాలి. కొత్త పనిమనిషికి ఇల్లు చూపించినట్టు” అంది కూతురు.

అప్పుడు ఇల్లు చూపించాడు. వినేవాళ్లు వెల్లకిలా పడుకుని ఉంటారని చెప్పాడు. భయంగా ఉంటారనీ, ఎవరూ చావకూడదనీ, అబద్ధం ఏనుగంత ఉండాలనీ, నీతి ఆవగింజంత కూడా ఉండకూడదనీ, సగంలో ఆపాలనీ చెప్పాడు. అది విని ఒక కథ సగం చెప్పింది. బాగుంది. రెండో సగం కూడా కావాలా అని అడిగింది.

“నీ దగ్గరుందా?”

ఇంకా లేదనీ, అడిగితే అప్పుడు రాస్తాననీ అంది.

అతను ఫోన్ పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. లేదు! అసలు పుట్టనే లేదు! తిరిగొస్తే పుడుతుంది, రాకపోతే, రాని మనిషి కోసం పుట్టని సగం. తను మోయవలసింది ఏదీ ఉండదు.

ఆనాటి నుంచి అలాగే చేశాడు. మనిషి క్షేమంగా బయటికొస్తున్నాడని తెలిశాకే తలుపు బయట బెంచీ మీద కూర్చుని రెండో సగం అడిగేవాడు. రానివాళ్ల సగాన్ని అడిగేవాడే కాదు. ర్యాంపు మీద బండి దూదిపింజలా వచ్చేది. పోయినవాళ్ల మొహాలు కూడా సాయంత్రానికి చెరిగిపోయేవి. ఇంత తేలిగ్గా ఉండటం మంచిదేనా అని ఒకటి రెండుసార్లు అనుమానమొచ్చింది. ఎవరినీ అడగలేదు. ఫోన్‌ని కూడా.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ల సర్జరీ వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నావిడ, అతను బండి ఆనించీ ఆనించకముందే లేచి కూర్చుంది. పలచటి మనిషి. తెల్లటి జుట్టు రెండు జడలుగా అల్లి ఉంది. ఎడమ చెవిలో మాంసం రంగు యంత్రం.

“సగం మామంటే నువ్వేనా? గట్టిగా చెప్పాలి తమ్ముడూ. కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది మిషను మీద నడుస్తోంది” అందామె.

“గుండె బలహీనంగా ఉందన్నారు అత్తయ్యా, ఎక్కువ మాట్లాడకు” అంది పక్కనున్న మేనకోడలు. ఆమె చేతిలో అత్త చెప్పులున్నాయి.

“మాట్లాడేది నేను కాదు, ఆయన. పద తమ్ముడూ.”

దారిలో తన సంగతి తనే చెప్పింది. సినిమాహాల్లో టిక్కెట్లు చింపే పని చేసింది. తలుపు పక్కనే స్పీకరు. చెవులు అక్కడే అర్పించింది. “బాకా ఊదినట్టు చెప్పు, సిగ్గుపడకు.”

లిఫ్టు దగ్గర మేనకోడలు ఆగిపోయింది. చుట్టాలకి అక్కణ్నుంచి అనుమతి లేదు. అతను ఎడమవైపుకి బండి తిప్పి, పొద్దున ఫోన్ చెప్పిన కథ ఎత్తుకున్నాడు.

“ఒక ఊళ్లో బావులు తవ్వేవాడున్నాడక్కా. వాడు తవ్వడం మొదలెడితే ఆపడు. పెళ్లాం చేదలో అన్నం పెట్టి దింపేది. ఎంత లోతంటే, ఆదివారం దింపిన అన్నం అందేసరికి సోమవారమయ్యేది.”

“పాచిపోలేదూ?”

“దారిలోనే పెరుగు కలుపుకునేది అన్నం.”

ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. ఎక్స్‌రే గది బయట కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు. అతను అంత గట్టిగా అరుస్తున్నాడు మరి.

“నీళ్లు పడలేదు. ఇంకా తవ్వాడు. పైన ఆకాశం బొత్తామంతయింది. ఒకనాడు గునపం ఆపి చెమట తుడుచుకుంటుంటే, కాళ్ల కిందినుంచి చప్పుడు. టక్. మళ్లీ టక్. చెవి ఆనించాడు. ఎవరో కిందినుంచి పైకి తవ్వుకుంటూ వస్తున్నారు.”

తలుపు వచ్చింది. బండి ఆగింది.

“ఎవరు?” అందామె.

“మిగతాది తిరిగొచ్చేటప్పుడు.”

ఆమె తల కాస్త పక్కకి తిప్పి అతని మొహంలోకి చూసింది. వెల్లకిలా పడుకున్నవాళ్లు గడ్డం చూస్తారు గానీ కళ్లు చూడరు. ఆమె కళ్లు చూసింది.

“నీకు తెలీదు కదూ?”

“ఏది?”

“కింద ఎవరో. తమ్ముడూ, సినిమాలో ఇంటర్వెల్ దాకా నేను హాలు తలుపు దగ్గరే ఉండాల్సొచ్చేది. ఆలస్యంగా వచ్చేవాళ్లుంటారు కదా. ఆ తర్వాతే లోపలికెళ్లి నిలబడేదాన్ని. నా బతుకంతా మొదటి సగాలు విన్నాను, రెండో సగాలు చూశాను. ఆఖరు తెలిసినవాడు మొదలుపెట్టే తీరు నాకు తెలుసు. నువ్వు నన్ను బస్సెక్కించి, నువ్వెక్కకుండా చెయ్యి ఊపినట్టు చెప్పావు.”

మరో రోజైతే ఏదో పరాచికమాడి తప్పించుకునేవాడు. ఇవాళ కడ్డీ మీంచి చేతులు తీసేశాడు.

“నీకే తెలీనిదాని కోసం నన్నెట్లా తిరిగి రమ్మంటావు?” అంది. గొంతులో కోపం లేదు. హాలు తలుపు దగ్గర, టిక్కెట్టు మర్చిపోయి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

“కనుక్కుని ఉంచుతానక్కా.”

“కనుక్కోవడం కాదు. నీ దగ్గర పెట్టుకుని ఉండు. వచ్చి అడుగుతా.”

లోపలినుంచి నర్సు వచ్చి, చెవి మిషను తీసెయ్యాలంది. ఆమె దాన్ని తీసి అతని చేతిలో పెట్టింది. “మా పిల్లకిస్తే ఎక్కడో పడేస్తుంది. కథకి నాకిది కావాలి” అంది, తన గొంతు తనకి వినబడక చాలా పెద్దగా. తలుపు మూసుకుంది.

అతను మిషను జేబులో వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కబురు రాకముందే అడగడం ఇదే మొదటిసారి. “బావి కథ రెండో సగం కావాలి” అన్నాడు ఫోన్‌తో.

అది వెంటనే చెప్పింది. కిందినుంచి తవ్వేవాడు పైవాడి తప్పిపోయిన అన్న. బాగానే ఉంది, కానీ ఆమె నవ్వదు. వేరేది అడిగాడు. నిధి దొరికింది. అదీ వద్దన్నాడు. ఇంకొకటి చెప్పింది. నీళ్లు ఎగదన్నాయి, ఊరంతా సంబరపడింది.

“అన్నీ చక్కగానే ఉన్నాయి బాబూ. కానీ ఇవి ఎవరికైనా సరిపోతాయి. ఒకావిడ లోపలుంది. ఆఖరు నా దగ్గరుండాలంది.”

ఆమె గురించి కొంచెం చెప్పమని అడిగింది అది. చెప్పాడు, చెవులూ, స్పీకరూ, రెండు జడలూ, చూసిన చూపూ. అంతా విని, ఆమె ఫోన్ అల్లే కథ కాకుండా మీ కథ వినాలనుకుంటున్నట్టుందనీ, ముగింపు మీరే మొదలుపెడితే తాను ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటాననీ అంది.

“నా దగ్గర మిగల్లేదయ్యా.”

సరే, ఒక్కటే చెప్పమంది: కింద చప్పుడు వినగానే పైవాడు ఏం చేసి ఉంటాడు?

“ఏం చేస్తాడు? గునపం ఆపుతాడు.”

అప్పుడు కిందివాడు?

అతను ఆలోచించాడు. నేలమీద కిటికీ వెలుగు ఒక పలక మీదినుంచి ఇంకో పలక మీదికి జరిగింది. “వాడూ ఆపుతాడు” అన్నాడు. అక్కణ్నుంచి వచ్చింది కథ. ఎన్నాళ్లుగానో మూతపడ్డ గదిలోంచి వస్తువులు ఒక్కొక్కటే బయటపడ్డట్టు వచ్చింది. తనలో తను మాట్లాడుకుంటూ, చేతులు తిప్పుతూ, ఒకచోట పకపకా నవ్వుతూ కూర్చున్న అతన్ని చూసి, నేల తుడిచే ఆమె బకెట్టు పక్కనించి లాక్కుని పోయింది. ముగింపు కుదిరేసరికి ఫోన్ ఏదో అడుగుతూనే ఉంది. ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

రొమ్ములో పాత బరువు తెలిసింది. మోయగలననుకున్నాడు. ఆమె బయటికొచ్చేదాకానే కదా.

తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ రాలేదు. నర్సు ఒక్కతే వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, “మామా” అంది.

అతను లేచి నిలబడ్డాడు.

“మధ్యలో గుండె ఆగింది. మళ్లీ కొట్టుకోలేదు. వాళ్లవాళ్లకి చెప్పి వస్తాను. నువ్వు కిందికి తీసుకెళ్లాలి.”

కిందికంటే శవాల గదికి. ఆ దారి వేరు. వెనకవైపు పెద్ద లిఫ్టు, నేలమాళిగ. ఆ దారిలో అతను ఎప్పుడూ పెదవి విప్పలేదు. బండి మీద దుప్పటి మొహందాకా కప్పి ఉంది. దుప్పటి అంచు కింద ఒక తెల్లజడ కొస వేలాడుతోంది. దాన్ని జాగ్రత్తగా లోపలికి సర్ది, కడ్డీ పట్టుకున్నాడు. మేనకోడలు, చెప్పులింకా చేతిలోనే పట్టుకుని, ఏడుస్తూ పక్కన నడుస్తోంది.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక అతను చెప్పడం మొదలుపెట్టాడు.

“వాడు గునపం ఆపాడక్కా. కిందివాడూ ఆపాడు.” మామూలు గొంతుతో అన్నాడు. అది చాలదని గుర్తొచ్చి, బాకా ఊదినట్టు గొంతు పెంచాడు. “ఇద్దరి మధ్యా అప్పడమంత మట్టి! అవతలివాడి ఊపిరి వినబడుతోంది! ఒక్క దెబ్బ వేస్తే చాలు. ముందు నువ్వెయ్యి అన్నాడు వీడు. కాదు నువ్వే అన్నాడు వాడు!”

“ఎవరితో మాట్లాడుతున్నారండీ?” అంది మేనకోడలు, హడలిపోయి.

“వచ్చి అడుగుతానందమ్మా” అన్నాడు. ఆమె ఒక చెయ్యి బండి అంచు మీద వేసింది.

నేలమాళిగ గోడలకి తగిలి గొంతు రెట్టింపై తిరిగొస్తోంది. “ఆ మట్టి పగిలితే నీళ్లొచ్చి ఇద్దరూ మునిగిపోతారని ఇద్దరికీ తెలుసు! పగలగొట్టలేదు. అలాగే కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. పొద్దు పోయింది, ఏళ్లు పోయాయి. పైనున్నవాళ్లు చూసి చూసి చేద దింపారు. చేద నిండా మాటలొచ్చాయి! ఊరంతా కడవలు తెచ్చి పట్టుకుపోయారు. ఇప్పటికీ ఆ బావిలో చుక్క నీరు లేదక్కా. ఇంట్లో మాట్లాడే దిక్కులేనివాళ్లు సాయంత్రం పూట వెళ్లి ఒక చేద తోడుకుంటారు.”

బండి ఆగింది. “అంతే” అన్నాడు, మామూలు గొంతుతో.

సాయంత్రం చొక్కా మార్చుకుంటుంటే జేబులో చెవి మిషను చేతికి తగిలింది. పరుగెత్తుకెళ్లేసరికి గేటు దగ్గర వ్యాను లేదు. ఆమెని తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. చిరునామా ఆఫీసులో రేపు అడగాలి.

తిరిగొచ్చి, గోడవారగా నిలబెట్టిన స్ట్రెచర్ అంచున కూర్చున్నాడు. కారిడార్ ఖాళీ అయింది. గుప్పిట మూయగానే లోపలినుంచి సన్నటి ఈల వినబడింది. ఉలిక్కిపడి విప్పాడు, ఆగిపోయింది. దాని చప్పుడు దానికే వినబడితే అలా కూస్తుందని చెవుల డాక్టరు గదిలో ఎవరో అనగా విన్న మాటే. ఆ సంగతి తెలిసి కూడా మళ్లీ మెల్లగా వేళ్లు మూశాడు. ఈల వచ్చింది. విప్పాడు. దీపం వెలుగులో, అరచేతి కాయల మధ్య, ఆమె చెవి లోపలి వంపులన్నీ అచ్చుపడ్డ చిన్న ప్లాస్టిక్ ముక్క, ఏదో వినబోతున్నట్టు పక్కకి ఒరిగి ఉంది.